ఎర్ర పువ్వు దొరకని ఆదివారం

అక్టోబరు 22, బుధవారం, పుంగనూరు

కార్తీకం మొదలయింది. తలస్నానం చేసి, దీపం పెట్టి, ఈ పుస్తకం తెరిచాను. ఇది మా అంగన్‌వాడీలో పిల్లల బరువులు రాసే పాత రిజిస్టరు. ఇప్పుడు బరువులన్నీ ఫోనులో ఎక్కిస్తున్నాం కాబట్టి వెనక పేజీలు ఖాళీగా మిగిలిపోయాయి. గవర్నమెంటు కాగితం మీద ఇంటి సంగతులు రాయడం తప్పే. చెదలు తినేదానికంటే నయం కదా అని స్వామికి చెప్పుకున్నాను.

నిన్న మదనపల్లె నుంచి కోడలు చంద్రిక ఫోను చేసింది. ఆమెకు అక్కడే బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. నవంబరు పదిహేడున చేరాలి. నాకు చాలా సంతోషమయింది. సంతోషం అయ్యాక, "మరి పాపను ఎవురు చూసుకుంటారమ్మా?" అని అడిగాను.

"అదే ఆలోచన చేస్తాండాము అత్తా" అంది.

ఇందులో ఆలోచించడానికి ఏముందో నాకు తెలియలేదు. వెన్నెలకు మొన్న సెప్టెంబరులో మూడేళ్లు నిండాయి. నేను ఇరవై రెండేళ్లుగా ఆ ఈడు పిల్లలనే చూసుకుంటున్నాను. వీధి వీధంతా నన్ను టీచరమ్మా అనే పిలుస్తుంది. సోమవారం నుంచి శనివారం దాకా పాప నా దగ్గర ఉంటుంది, నాతోనే అంగన్‌వాడీకి వస్తుంది, శనివారం సాయంత్రం వాళ్ల నాయన బస్సెక్కి వచ్చి తీసుకుపోతాడు. దేవుడు ఇంత చక్కగా అమర్చి పెట్టాడు.

నేను ఏమీ అనలేదు. అడగకుండా నోరు తెరవడం నాకు అలవాటు లేదు.

అక్టోబరు 24, శుక్రవారం

చంద్రిక ఇంకా అడగలేదు.

అక్టోబరు 25, శనివారం

నాగుల చవితి. పుట్టలో పాలు పోసి వచ్చాను. ఇంకా అడగలేదు. చిన్న పరుపు ఒకటి కుట్టించడానికి దూది తెప్పించాను. పాప కోసమని కాదు. ఇంట్లో దూది ఉంటే ఎప్పుడైనా పనికొస్తుంది.

అక్టోబరు 27, సోమవారం

నిన్న మదనపల్లె పోయి వచ్చాను. పాపను చూసి నెల అయింది, అంతే. వేరే పని ఏమీ లేదు.

మా హేమంత్ టమోటా మండీలో గుమాస్తా. తెల్లవారకముందే పోతాడు, రెండు గంటలకల్లా ఇంటికి వస్తాడు, తిని సోఫాలో ఫోను చూస్తూ పడుకుంటాడు. పాపం, అలసట. నిన్న మాత్రం పడుకోకుండా, "అమ్మా, రా, పాపకు ఒక ప్లేస్కూలు చూసినాము, నువ్వూ చూద్దువు" అని బయల్దేరదీశాడు. ఆదివారమైనా తల్లిదండ్రులకు చూపించడానికని తెరిచి ఉంచారు.

గోడల నిండా మంచులో తిరిగే పక్షుల బొమ్మలు వేశారు. మదనపల్లె పిల్లలకు కాకి తెలిస్తే చాలదా అనుకున్నాను. అనలేదు. ప్రతి గదిలో కెమెరా ఉందట, తల్లి ఆఫీసులో కూర్చుని బిడ్డను ఫోనులో చూసుకోవచ్చునట. చూసి ఏం చేస్తుంది, ముక్కు తుడుస్తుందా? అదీ అనలేదు.

ఇంతలో వెన్నెల నా కొంగు లాగి, "అవ్వా, ఉచ్చ" అంది. అక్కడి మిస్సు వంగి నవ్వుతూ, "ఇంగ్లీషులో అడగాల బేబీ, మే ఐ గో అనాల" అని చెప్పింది. పాప ఆమె మొగం శ్రద్ధగా చూసింది. ఆమె మళ్లీ చెప్పింది. పాప మళ్లీ చూసింది. మూడోసారి చెప్పేసరికి నేల తడిసింది.

నేను ఏమీ అనలేదు. "నేల జారతాది, పిల్లోళ్లు పడతారమ్మా" అని మాత్రం అన్నాను. రెండుసార్లు అన్నాను. మూడోసారి అనబోతే హేమంత్ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

బస్సెక్కేటప్పుడు చంద్రిక నిదానంగా చెప్పింది: "మా అమ్మ గూడా అడగతాండాది అత్తా. పాపను కుప్పానికి పంపీమంటాండాది."

పరుపు కుట్టేవాడు ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. రేపు రమ్మన్నాను.

అక్టోబరు 29, బుధవారం

రెండు రోజులుగా ముసురు. అంగన్‌వాడీకి పదకొండు మందే వచ్చారు.

కుప్పం నుంచి వియ్యపురాలు వెంకటమ్మ ఫోను చేసింది. ఆమె మంచి మనిషి. గొంతు మాత్రం ఫోను అక్కరలేకుండానే కుప్పం నుంచి వినపడుతుంది.

"వొదినా, పాప నా కాడ ఉంటాది. నీకెందుకు శ్రమ. నీ కాడ ముప్పై మంది పిల్లోళ్లు ఉండారు, నా కాడ అది ఒక్కటే."

"ముప్పై మందితో ఉంటే పాపకు ఆటలు వస్తాయి వొదినా" అన్నాను.

"ముప్పై మందితో ఉంటే ముప్పై మంది జలుబు గూడా వస్తాది."

పోయిన వేసవిలో పాప పది రోజులు కుప్పంలో ఉంది. తిరిగొచ్చాక నెల రోజులు నన్ను అవ్వా అనకుండా "పాటీ, పాటీ" అని అరవంలో పిలిచింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తు చేయడం మర్యాద కాదు. చేశాను. మర్యాదగానే చేశాను.

ఆమె, "ఒక బాస ఎక్కువొస్తే బిడ్డకు బరువా?" అంది.

అక్టోబరు 31, శుక్రవారం

మా ఆయా రెడ్డెమ్మ గుడ్లు ఉడకబెడుతూ చెప్పింది. "వీధిలో అడగతాండారు టీచరమ్మా. అందురి బిడ్డలనూ అంగన్‌వాడీకి పంపండని ఇల్లిల్లూ తిరగతాది గదా, టీచరమ్మ మనమరాలు యాడికి పోతాదో సూద్దాం అంటాండారు."

"స్వామి ఎట్ల రాసినాడో అట్ల" అన్నాను.

"స్వామి రాసేలోపల మనమే ఒక మాట చెప్పేది మంచిది" అంది రెడ్డెమ్మ. ఆమెకు భక్తి కొంచెం తక్కువ.

నవంబరు 3, సోమవారం

ఉపవాసం. మధ్యాహ్నం మంచి ఆలోచన వచ్చింది. ఉపవాసం ఉన్నప్పుడు వచ్చే ఆలోచనలు మనవి కావు.

మా వీధి ఆంజనేయస్వామి గుడిలో పూలు అడిగే ఆచారం ఉంది. తెల్ల పువ్వు ఒక పొట్లం, ఎర్ర పువ్వు ఒక పొట్లం తమలపాకులో చుట్టి, దారం కట్టి, స్వామి ముందు పెట్టి, పసిబిడ్డ చేత ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే అవును, ఎర్రది వస్తే కాదు. మా పెళ్లి కూడా అట్లాగే ఖాయమయింది. మా ఆయన అప్పుడప్పుడు ఆ పొట్లం ఎవరు తీశారో కనుక్కోవాలంటుంటాడు.

చంద్రికకు ఫోను చేశాను. "పాప పుంగనూరికి రావాల్నా వద్దా అని స్వామినే అడగదామమ్మా. నాకేమీ లేదు. ఆయన ఏది చెప్తే అదే." చంద్రిక వెంటనే సరే అంది. ఇంత తొందరగా ఒప్పుకుంటుందని అనుకోలేదు.

వెనక నుంచి హేమంత్, "స్వామి వద్దంటే అప్పుడు కుప్పమా, ప్లేస్కూలా?" అని అడుగుతున్నాడు. స్వామి వద్దని ఎందుకంటాడు.

నవంబరు 5, బుధవారం

పౌర్ణమి. మూడు వందల అరవై అయిదు వత్తులు వెలిగించాను. ఏమీ కోరుకోలేదు. వెన్నెల పేరు మాత్రం చెప్పాను.

నవంబరు 9, ఆదివారం, ఉదయం

అందరూ తొమ్మిదికి గుడికి వస్తారు. పొట్లాలు కట్టడం నా పని. మల్లెపూలు ఉన్నాయి. ఎర్ర పువ్వు దొరకలేదు. పెరట్లో మందారాలు వానకు రాలిపోయాయి. ఒకటి మిగిలింది కానీ అది మొగ్గ. మొగ్గను తుంచడం పాపం. పక్కింట్లో ఎర్ర గన్నేరు ఉంది. వాళ్లు ఇంకా లేవలేదేమో. రేడియో మోగుతోంది కానీ, లేవకుండా కూడా రేడియో పెట్టుకునేవాళ్లు ఉంటారు.

పొట్లాలు రెండు ఉండాలి. అందుకని రెండింట్లోనూ మల్లెలే పెట్టాను. పసుపు దారం కట్టాను. ఏ పొట్లంలో ఏముందో చూసి చెప్పాల్సిన అవసరం స్వామికి లేదు కదా. ఆయన సర్వజ్ఞుడు. ఎర్ర పువ్వు దొరకనివ్వకపోవడంలోనే ఆయన ఉద్దేశం తెలిసిపోతోంది.

ముడి రెండుసార్లు జారింది. చలి.

నవంబరు 9, సాయంత్రం

ఏం రాయాలో తెలియడం లేదు.

వెంకటమ్మ వదిన అందరికంటే ముందే గుడికి వచ్చింది. కుప్పం నుంచి తొలి బస్సుకే బయల్దేరిందట. "వొదినా, నువ్వు ప్రదక్షిణాలు చేసుకోని రా, పొట్లాల తట్ట నేను పట్టుకుంటా" అంది. ఎంత మంచి మనిషి. పదకొండు ప్రదక్షిణాలూ నిశ్చింతగా చేశాను.

పూజారి పొట్లాలు స్వామి పాదాల దగ్గర పెట్టాడు. వెన్నెల అటు చూసింది, ఇటు చూసింది, ఒకటి పట్టుకుంది. పూజారి విప్పాడు.

ఎర్ర గన్నేరు పువ్వు.

నేను చేతులు జోడించి అట్లాగే నిలబడిపోయాను. తమలపాకు నాదే అనిపించింది. దారం మాత్రం తెల్లగా ఉంది. నేను కట్టింది పసుపు దారం. పసుపు కూడా వెలిసిపోయేంత మహిమ ఎక్కడైనా విన్నామా.

"స్వామి చెప్పేసినాడు, ఇంక కుప్పమే" అంది వెంకటమ్మ వదిన.

"స్వామి కుప్పం పేరు ఎత్తలేదు గదా అత్తా" అన్నాడు హేమంత్.

చంద్రిక ఎవరినీ ఏమీ అనకుండా పాప చేతిలోంచి గన్నేరు పువ్వు లాక్కుంది. పాప దాన్ని నోట్లో పెట్టుకోబోయింది.

నేను ఏమీ అనలేదు. ఏమని అంటాను? రెండింట్లోనూ తెల్లవే ఉండాలని చెప్పనా?

నవంబరు 10, సోమవారం

ఉపవాసం. నీళ్లు కూడా తాగలేదు. యాభై ఏళ్లు వచ్చాక స్వామిని మోసం చేయబోయాను. ఆయన నా మల్లెను ఎర్ర గన్నేరు చేసి చూపించాడు.

నవంబరు 11, మంగళవారం

ఆగలేక మా ఆయనకు చెప్పాను. పాల కేంద్రం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మొత్తం విన్నాడు.

"మల్లెపువ్వు గన్నేరయిందా?"

"అయింది."

"దారం గూడా తెల్లగయిందా?"

"అయింది."

"ప్రసన్నా, తట్ట ఎవురి చేతిలో ఉండె?"

వియ్యపురాలిని అనుమానించడం మహా పాపం అని చెప్పాను. ఆయన తువ్వాలు మొగానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను.

నవంబరు 12, బుధవారం

సెలవు పెట్టి మదనపల్లె పోయాను. కోడలి ముందు ఒప్పుకుంటే తప్ప నాకు అన్నం దిగదు. మూడు గంటలయింది. హేమంత్ సోఫాలో ఉన్నాడు, పాప వాడి పొట్ట మీద నిద్రపోతోంది. చంద్రిక వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది.

"తప్పు చేసినానమ్మా" అన్నాను. "రెండు పొట్లాల్లోనూ తెల్లపూలే పెట్టినాను. స్వామి వాటిని ఎర్రగా మార్చి నాకు బుద్ధి చెప్పినాడు."

చంద్రిక నన్నే చూసింది. చిక్కుళ్ల చేట పక్కన పెట్టింది. తర్వాత గోడకు ఆనుకుని, నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"స్వామి గాదు అత్తా, మా అమ్మ. కుప్పంలోనే రెండు ఎర్ర పొట్లాలు కట్టుకోని వచ్చినాది. నువ్వు ప్రదక్షిణాలకు పోతానే మార్చేసినాది. నిన్న ఫోన్ చేసి ఒకటే ఏడుపు."

"ఆమె యాల ఏడ్చేది?"

"నీ పొట్లాలు సంచిలో యేసుకోని పోయినాది గదా. ఇంటికి పోయి విప్పితే రెండింట్లోనూ మల్లెపూలే ఉండాయంట. ఒకటన్నా ఎర్రది ఉండాల గదా. దేవునికి కోపం వచ్చి దాన్ని తెల్లగా చేసినాడని ఆమె మూడు దినాలుగా దీపం కొండెక్కనీకుండా కూర్చోనుండాది."

నేను చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసి వలిచాను.

"ఇద్దురూ కలిసి స్వామికి చెప్పేదానికి ఒక మాట గూడా మిగల్చలేదు" అంది చంద్రిక. "ఇంక నేను చెప్తా, ఇను అత్తా. పాప యాడికీ పోదు. మా వీధి చివర అంగన్‌వాడీ ఉండాది. మూడు దినాలు పోయి ఆడ కూర్చోని చూసినా. టీచరు కత చెప్తాది, పాట చెప్తాది, కూర్చోబెట్టి గుడ్డు తినిపిస్తాది. నువ్వు మాకు ఇన్నేండ్లు చెప్పినవన్నీ ఆడ ఉండాయి."

"నాలుక్కే వదిలేస్తారు గదమ్మా. నువ్వు వచ్చేసరికి ఆరున్నర."

"పొద్దున నేను వదిలిపెట్టి పోతా. నాలుక్కు ఆయన తీసుకోనొస్తాడు. రెండుకే ఇంట్లో ఉంటాడు గదా."

ముందు గదిలో ఫోను చప్పుడు ఆగింది. "ఎవురు, నేనా?" అన్నాడు హేమంత్.

"ఈ ఇంట్లో ఇంకో నాయన ఉండాడా?"

వాడు తల వంచి పొట్ట మీది పాపను చూసుకున్నాడు. ఇరవై రోజులుగా మేమంతా పాపను ఎవరు చూసుకోవాలని వాదించుకుంటుంటే, పాప రోజూ మధ్యాహ్నం వాడి పొట్ట మీదే నిద్రపోతోంది. అది ఎవరికీ లెక్కలోకి రాలేదు. వాడికీ రాలేదు.

"మగపిల్లోడు, వాడికేం తెలుసమ్మా" అన్నాను.

"నెల నెలా మీటింగు పెట్టి, నాయనలు గూడా బిడ్డలను చూసుకోవాలని నువ్వే చెప్తావంట గదా అత్తా."

"అది మీటింగుకు వచ్చినోళ్లకు చెప్పేదమ్మా."

చంద్రిక మళ్లీ చిక్కుళ్లు తీసుకుంది. నేను ఏమీ అనలేదు. ఈసారి నిజంగానే ఏమీ అనలేకపోయాను.

నవంబరు 13, గురువారం

అంగన్‌వాడీ మంచిదని అందరికీ చెప్పాను. ఏ అంగన్‌వాడీయో చెప్పలేదు. పొరపాటు అక్కడ జరిగింది.

పరుపు కుట్టేవాడు తెచ్చి ఇచ్చాడు. చాలా మెత్తగా వచ్చింది. మంచం కింద పెట్టాను.

నవంబరు 14, శుక్రవారం

బాలల దినోత్సవం. పిల్లలకు లడ్లు పంచాం. ఒక తల్లి వచ్చి అడగనే అడిగింది. "టీచరమ్మా, నీ మనమరాలు యాడ చేరతాంది?"

"అంగన్‌వాడీలోనే" అన్నాను, తలెత్తి.

"అయితే మనకాడికే వస్తాంది."

"అంగన్‌వాడీలోనే" అన్నాను మళ్లీ, లడ్డు చేతిలో పెడుతూ. రెడ్డెమ్మ దగ్గింది.

నవంబరు 17, సోమవారం

కార్తీకంలో ఆఖరి సోమవారం. చంద్రిక ఉద్యోగంలో చేరే రోజు. దీవించి రావడానికి మదనపల్లె పోయాను. నేను చేరేసరికి ఆమె బ్యాంకుకు వెళ్లిపోయింది. బ్యాంకు పదింటికి తెరుస్తారని నాకు తెలియదా అంటే, తెలుసు.

వచ్చినదాన్ని వచ్చినట్టే పోవడం ఎందుకని వీధి చివర అంగన్‌వాడీ వైపు నడిచాను. ప్రహరీ పొట్టిగా ఉంది. మునివేళ్ల మీద నిలబడితే లోపల అంతా కనపడుతుంది. వెన్నెల వరసలో రెండోది. ఏడవడం లేదు. పక్క పిల్ల గుడ్డులోని పచ్చసొన తీసి దీనికి పెడుతోంది, ఇది తెల్లది తీసి ఆ పిల్లకు పెడుతోంది. ఒక్క పూటలో ఇంత స్నేహం ఎట్లా కలిసిందో.

ఆ టీచరు చిన్న వయసు పిల్ల. బాగానే చెబుతోంది. గోడ మీద చార్టు కొంచెం వంకరగా ఉంది. ఒక బిడ్డను చెప్పులతోనే తూకం వేసింది. ఊరుకుందామనుకున్నాను. "చెప్పులు ఇప్పిచ్చమ్మా, తూకం తప్పు పడతాది" అనే మాట దానంతట అదే బయటికి వచ్చేసింది.

ఆమె గేటు దగ్గరికి వచ్చింది. "ఎవురమ్మా మీరు?"

"టమోటాలు కొనేదానికి వచ్చినాను."

"మార్కెట్టు ఆ పక్క ఉండాది. మీరు వెన్నెల వాళ్లవ్వ గదా, మొగం అచ్చుగుద్దినట్టు ఉండాది." గొంతు తగ్గించింది. "బిడ్డ ఏడవడంలేదమ్మా, మీరే ఏడస్తాండారు. మిమ్మల్ని చూస్తే అదీ మొదలుపెడతాది. పోయి రాండి."

తప్పేమీ చెప్పలేదు. నేనైనా అదే చెప్తాను, ఇంకొంచెం మెల్లగా.

టీకొట్టు బెంచీ మీద నాలుగింటి దాకా కూర్చున్నాను. ఉపవాసం కాబట్టి టీ తాగలేదు, టీకొట్టతను మాత్రం గుర్రుగా చూశాడు. నాలుక్కి హేమంత్ వచ్చాడు. అయిదు నిమిషాలు ముందే వచ్చాడు. పాపను భుజం మీద ఎక్కించుకున్నాడు. పాప సంచి తన మెడకు తగిలించుకున్నాడు, ఎనుముకు గంట కట్టినట్టు. వాడు నన్ను చూడలేదు. వెన్నెల పైనుంచి చూసింది. అవ్వా అని పిలుస్తుందనుకున్నాను. పెద్దమనిషి మాదిరి చెయ్యి ఊపి, వాళ్ల నాయనకు ఏదో చెప్పుకుంటూ పోయింది.

నవంబరు 18, మంగళవారం

నాకేమీ బాధ లేదు. అయిదు నిమిషాలు ముందే వచ్చాడు వాడు.

నవంబరు 20, గురువారం

అమావాస్య. కార్తీకం అయిపోయింది.

సాయంత్రం హేమంత్ ఫోను చేశాడు. బాగున్నావా, తిన్నావా అని అడిగే గొంతు కాదు. పని పడిన గొంతు.

"అమ్మా, జడ ఎట్ల యేసేది? ఆడ ఒక పిల్ల జడేసుకోని వస్తాంది. దీనికీ కావాలంట. ఫోన్లో చూసి యేస్తే ముడి పడిపోయినాది. మూడు పాయలు చేసినాక మధ్యలోది యాడికి పోవాల?"

ఎటు పోవాలో ఒక్క మాటలో చెప్పవచ్చు. మా అంగన్‌వాడీలో అయిదేళ్ల పిల్లలే ఒకరికొకరు వేసుకుంటారు.

"ఫోన్లో చెప్తే రాదప్పా" అన్నాను. "శనివారం పాపను తీసుకోని రా. నిదానంగా నేర్పిస్తా. రాత్రికి ఉండి పోతురు." మంచం కింద నుంచి పరుపు బయటికి లాగి ఎండలో వేయాలని అప్పుడే గుర్తొచ్చింది.

ఫోను పెట్టానో లేదో వెంకటమ్మ వదిన.

గుడి తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆమె ముందుగా దగ్గింది. నేనూ దగ్గాను. పూల సంగతి అంతటితో అయిపోయింది.

"వొదినా, అల్లుడు నిన్ను గూడా జడ అడిగినాడా?"

"అడిగినాడు. శనివారం రమ్మన్నాను."

"నేను ఆ పై శనివారం కుప్పానికి రమ్మన్నా. నువ్వు మొత్తం నేర్పించేయొద్దు. మూడు పాయలు తీసేదానితో ఆపు. అల్లేది నేను చెప్తా."

"మళ్ల రిబ్బను కట్టేది నా కాడ" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

"అట్లే కానీ. తొందరేముండాది, బిడ్డకు జుట్టు రావద్దా?"

నిజమే. వెన్నెల జుట్టు ఇంకా చెవులు కూడా దాటలేదు. జడకు అందాలంటే తక్కువలో తక్కువ ఏడాది పడుతుంది. ఆ సంగతి హేమంత్‌కు ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు.